తాళం పడిందా మేస్త్రీ?

తాళాలు బాగుచేసే మేస్త్రీని ఆ వీధిలో అందరూ చెవిమేస్త్రీ అంటారు. ఏ ఇంటికి పిలిచినా ముందు పనిముట్ల సంచి విప్పడు. తలుపుకి కుడిచెవి ఆనించి, కళ్లు మూసుకుని, తాళంచెవి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పమంటాడు. లోపల స్ప్రింగు అలిసిపోయిందో, లివరు పలక ఒరిగిందో, ఎవరైనా పిన్నీసు పెట్టి కెలికారో ఆ చప్పుడే చెబుతుంది. ఇరవై రెండేళ్లు ఇలా విని విని అతనికి ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది. బాగుచెయ్యమని పిలిచిన తాళాల్లో పదింట మూడు బాగానే ఉంటాయి. బాగోలేనిది తాళానికి ఇవతల నిలబడి ఉంటుంది.

ఈ సంగతి అతను బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు. భార్య తమ్ముడైన ఆ బావమరిది నలభయ్యేళ్ల భారీ మనిషి. కొట్లో ముందు బల్ల దగ్గర కూర్చుంటాడు, తాళాల కంటే ఎక్కువగా నోటికి పని చెబుతాడు.

"వచ్చాడు బావా నీ నెలవారీ" అంటాడు దూరం నుంచే గుర్తుపట్టి.

నెలవారీ అంటే నెలకొకసారి తలుపు తాళం మార్పించే ఒక గుమాస్తా. తన తాళంచెవికి నకలు పక్కింటివాళ్ల దగ్గర ఉందని ఆయన నమ్మకం. ఆ పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. అయినా ఆయన మానలేదు. ఖాళీ ఇంట్లోంచి గమనించడం ఇంకా సులువు కదా అన్నాడు. చెవిమేస్త్రీ వాదించలేదు. వాదించినకొద్దీ అలాంటి నమ్మకం ముదురుతుందనీ, చివరికి వాదించినవాడు కూడా పక్కింటివాళ్ల జట్టులో చేరిపోతాడనీ అతనికి ఎప్పుడో అర్థమైంది. "మీకు నిద్ర పడుతోందా సార్?" అని మాత్రం అడుగుతాడు. ఆ ప్రశ్నకి గుమాస్తా ప్రతిసారీ కొత్త తాళం ధర అడిగి మాట మార్చేవాడు. ఈమధ్యే మొదటిసారి "లేదయ్యా" అన్నాడు.

ఇంకొకాయన కుర్చీల వ్యాపారి. ఒకరోజు పొద్దున్నే పాడుకుంటూ వచ్చి తన ఇంటి తాళంచెవికి ముప్పై నకళ్లు కావాలన్నాడు. దారిలో కనబడిన ప్రతివాడికీ ఒకటి ఇస్తాడట. నా ఇల్లు ఊరందరి ఇల్లు అన్నాడు. నాలుగు రోజులుగా పడుకోలేదట, కానీ మొహం అప్పుడే కడిగిన పళ్లెంలా మెరిసిపోతోంది. మాట మీద మాట తోసుకొస్తోంది. బావమరిది ఆనందంగా ముప్పై అని రాసుకునేలోపు చెవిమేస్త్రీ, తాళంచెవులు కోసే యంత్రం పాడైందని చెప్పి, ఆయన అన్నగారికి రహస్యంగా ఫోన్ చేశాడు. మూడు నెలలకి అదే మనిషి కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. ఉన్న ఒక్క తాళంచెవీ పోయిందని, అది కూడా తన తప్పేనని, తనవన్నీ తప్పులేనని గొణిగాడు. తాళంచెవి ఆయన చొక్కా జేబులోనే ఉంది.

ఇలాంటివాటికి పెద్ద పెద్ద పేర్లుంటాయని చెవిమేస్త్రీకి తెలుసు. ఆ పేర్లు తెలీవు. తెలుసుకోవాలనీ లేదు. పేరు పెట్టిన మరుక్షణం ఆ మనిషి మాట వినడం మానేస్తానేమోనని అతని భయం.

అయితే అన్నీ తెలిసినవాడు కూడా ఒకచోట బోర్లా పడతాడు. అతను పడింది లెక్కల టీచరు దగ్గర.

ఆవిడ పదవీ విరమణ చేసి ఆరేళ్లయింది. మూడో సందులో మేడమీద ఒంటరిగా ఉంటుంది. ఎంత పెద్ద లెక్కయినా కాగితం ముట్టుకోకుండా చేసేస్తుంది. మొదటిసారి పిలిచినప్పుడు ఆవిడ సమస్యని బల్లమీద పరిచినట్టు పరిచింది.

"చూడు మేస్త్రీ. నేను తాళం వేశాను. వేశానని నాకు తెలుసు. ఎలా తెలుసు? గుర్తుంది కాబట్టి. కానీ ఆ గుర్తున్నది ఇవాళ వేసిందా, నిన్న వేసిందా? రెండూ ఒకేలా ఉన్నాయే. కాబట్టి తప్పు నాది కాదు, నీ తాళానిది. అది వేసినట్టు గట్టిగా చెప్పడం లేదు."

చెవిమేస్త్రీ చెవి పెట్టి విన్నాడు. తాళం నిక్షేపంలా ఉంది. ఆవిడ లాగేవాళ్ల జాతి అని అక్కడే తెలిసిపోయింది. తాళం వేశాక అందరూ ఒకసారి లాగి చూస్తారు. కొందరు రెండుసార్లు. లాగేవాళ్లు మాత్రం మెట్లు దిగి మళ్లీ ఎక్కుతారు. తెలిసి కూడా అతను పనితనం మీద గర్వంతో ఒక పొరపాటు చేశాడు. అది తాళాల మేస్త్రీ మాత్రమే చేయగల పొరపాటు. సరైన తాళం పెడితే ఆవిడ అనుమానం నోరు మూసుకుంటుందనుకున్నాడు.

ముందు తుపాకీ పేలినట్టు చప్పుడు చేసే తాళం బిగించాడు. అది పదిరోజులు పనిచేసింది. తర్వాత ఆ చప్పుడు ఎదురింటి తలుపుదేమో అన్న సందేహం వచ్చింది ఆవిడకి. అప్పుడు చిన్న కిటికీ ఉన్న తాళం పెట్టాడు, పడితే ఆకుపచ్చ, పడకపోతే ఎరుపు. వారం తిరక్కుండానే ఆవిడ కొట్టుకొచ్చి, "చూసిన ఆకుపచ్చ ఇవాళ్టిదేనంటావా?" అంది. చివరికి అతనే ఒక ఉపాయం చెప్పాడు. ఆవిడ ఫోన్‌ని తాళం దగ్గర పెట్టి తిప్పాలి, ఇక్కడ అతను వినాలి.

"పడిందా మేస్త్రీ?"

"పడింది టీచర్‌గారూ."

ఆవిడ ప్రాణం కుదుటపడ్డ నిట్టూర్పు ఫోన్లోంచి వినబడింది. అతనికి కూడా హాయిగా అనిపించింది. తన చెవికి ఇంతకంటే గొప్ప ఉపయోగం ఏముంటుందనుకున్నాడు. రోజుకొకసారి మొదలైన ఫోను నాలుగో నెలకి పదకొండు సార్లయింది.

"నీ చెవిని పూర్తిగా అద్దెకిచ్చేశావు బావా" అన్నాడు బావమరిది. "మా అక్క పిలిస్తే ఒక్కసారికి పలకవు."

"మీ అక్క పిలిచేది పని చెప్పడానికి."

"ఈవిడ మాత్రం పాట వినడానికి పిలుస్తోందా?"

ఇదంతా ఇలా సాగిపోయేదే, టీచరు చెల్లెలి పెళ్లి లేకపోతే. యాభై ఎనిమిదేళ్ల ఆ చెల్లెలు రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో కేకుల దుకాణం నడుపుతోంది. రోజూ ఒకే కేకు ముక్క కొనుక్కునే ఒక రిటైరైన లిఫ్టు ఆపరేటరు, "బతుకంతా పైకీ కిందకీ తిరిగాను, ఇక మీ పక్కన కూర్చుంటాను" అన్నాడట. ఆవిడ సరే అంది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం అక్కే పెట్టాలంది. తల్లి పోయాక పెంచింది అక్కే మరి.

ఆ పెళ్లి రెండుసార్లు ఆగింది. మొదటిసారి టీచరు బస్టాపు నుంచి వెనక్కి వచ్చేసింది, తాళం చూసుకోవడానికి. రెండోసారి బస్సెక్కింది కానీ రెండో స్టాపులో దిగిపోయింది. మూడోసారికి చెల్లెలు ఫోన్లో తేల్చేసింది.

"శుక్రవారం పన్నెండింటికి నువ్వు వచ్చావా సరే. రాలేదా, ఆఫీసు ముందు చెప్పులు కుట్టే ఆయన చేత సంతకం పెట్టిస్తా. అడిగాను, ఒప్పుకున్నాడు. నీకంటే అందంగా సంతకం చేస్తాడు కూడా. పెళ్లయ్యాక మాత్రం నాతో మాట్లాడకు అక్కా."

ఈ మాటలు టీచరు మంగళవారం కొట్లోకి వచ్చి, కళ్లజోడు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ వచ్చింది మాత్రం వేరే పని మీద. తాళంచెవి తిరగడం లేదట.

చెవిమేస్త్రీ దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాడు. పళ్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, నోట్లో చప్పరించిన బిళ్లలా.

"ఇది నేను నాలుగు నెలల క్రితం చేసిచ్చిందేనా?"

"నీదే. నీ గుర్తు ఉందిగా."

"టీచర్‌గారూ, ఇంత అరగాలంటే పన్నెండేళ్లు పడుతుంది. రోజుకి నాలుగుసార్లు తిప్పే ఇంట్లో."

అతను ఏమీ అనుకోకుండా అన్న మాట అది. కానీ లెక్కల టీచరు ముందు అంకెలు పడేస్తే అవి ఊరికే ఉంటాయా? ఆవిడ పెదవులు కదిలాయి. "నాలుగు మూడువందల అరవై ఐదులు పద్నాలుగు వందల అరవై. పన్నెండేళ్లకి పదిహేడువేల అయిదువందల ఇరవై. దాన్ని నూట ఇరవై రోజులతో భాగిస్తే..." అని ఆగిపోయింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు బావమరిది.

"నూట నలభై ఆరు."

"రోజుకా!"

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. జీవితంలో మొదటిసారి తన లెక్క తప్పయితే బాగుండుననుకుంటున్న మొహం. చెవిమేస్త్రీ ఆ అరిగిన తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఈ వృత్తిలో చేరిన కొత్తలో గురువు ఒకమాట చెప్పేవాడు, సరిగ్గా వచ్చిన తాళంచెవిని అనుమానంతో ఆకురాయి మీద ఇంకొకసారి పెట్టకురా, పెట్టిన ప్రతిసారీ వెంట్రుకవాసి పోతుంది, చివరికి నీ అనుమానమే నిజమవుతుంది అని. ఈవిడ జ్ఞాపకం సరిగ్గా అలాగే అరిగిపోయింది. చూసుకున్న ప్రతిసారీ అంతకుముందు చూసినదాని మీద గురి వెంట్రుకవాసి తగ్గింది.

"నేను ఫోన్లో పడింది అన్నాక ఎంతసేపు హాయిగా ఉంటుంది టీచర్‌గారూ?"

"మొదట్లో రోజంతా ఉండేది. ఇప్పుడు పావుగంట."

"ఆ తర్వాత?"

"నువ్వు సరిగ్గా విన్నావో లేదోనని." ఆవిడ తలవంచుకుంది. "నీ చెవిని అనుమానించానని బాధపడకు."

అతనికి బాధ కలగలేదు. అంతకంటే వింతగా అనిపించింది. ఇన్నాళ్లూ తాను తలుపు బయట నిలబడి వింటున్నాననుకున్నాడు. కాదు. ఆ తాళం లోపలి భాగాల్లో తానూ ఒకటి. 'పడింది' అన్న తన మాటే ఆ అనుమానానికి రోజూ పెట్టే మేత.

"దీని గురించి డాక్టర్‌కి చూపించుకున్నారా?"

"ఆరు నెలల క్రితమే చూపించుకున్నా. ఒకసారి తాళం వెయ్యి, వెనక్కి చూడకు, పడిందా అని ఇంట్లోవాళ్లని అడక్కు అంది."

"మరి నన్నెందుకు అడిగారు?"

"నువ్వు ఇంట్లోవాడివి కాదుగా. నిపుణుడివి."

బావమరిది బల్ల మీద చరిచి నవ్వాడు. "బావా, ఈ మాట రాయించి పటం కట్టించనా?" టీచరు అతన్ని, వెనక బెంచీ కుర్రాణ్ని చూసినట్టు ఒక్క చూపు చూసింది. అతను నవ్వు మింగేశాడు. కాసేపటికి ఆవిడే నవ్వింది.

బుధవారం ఆవిడ మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లింది, ఈసారి ఫోను సంగతి దాచకుండా. డాక్టర్ చెవిమేస్త్రీతో కూడా మాట్లాడింది. శుక్రవారం తోడు వెళ్లు, పడిందని మాత్రం చెప్పకు, భయం కొండెక్కినట్టు ఎక్కి దానంతటదే దిగుతుంది, దిగేదాకా పక్కన ఉంటే చాలు అంది. పదికి ఎంత భయమో మార్కులు వేసుకోమని టీచరుకి చెప్పింది. ఆ పద్ధతి ఆవిడకి బాగా నచ్చింది.

శుక్రవారం బావమరిది పొద్దున్నే ఎక్కడో బీరువా తెరవడానికి వెళ్లాడు. బస్సు తొమ్మిది నలభైకి. చెవిమేస్త్రీ హడావుడిగా కొట్టు మూసి మేడ మీదికి వెళ్లేసరికి ఆవిడ కొత్త చీర కట్టుకుని, చేతిసంచితో గుమ్మం బయట నిలబడి ఉంది. కొత్త తాళంచెవి అరచేతిలో చెమటకి తడిసిపోయింది.

"వేస్తున్నా. ఒక్కసారే."

అతను వెంటనే రెండు చెవుల్లోనూ వేళ్లు దూర్చుకున్నాడు.

"అదేమిటి?"

"వింటే తెలిసిపోతుంది. తెలిస్తే నా మొహం దాచలేదు. వెయ్యండి."

ఆవిడ తిప్పింది. అతనికి వినబడలేదు. ఆవిడ తలుపు లాగబోయి, చేతిని రెండో చేత్తో పట్టుకుని, మెట్లు దిగింది.

మందుల కొట్టు దగ్గరికి రాగానే మొదలుపెట్టింది. "మేస్త్రీ, పడిందా?"

"తెలీదు."

"పోనీ పడలేదని చెప్పు. అదైనా స్థిరంగా ఉంటుంది."

"అదీ తెలీదు."

"వందకి ఎంత?"

"నాకు లెక్కలు రావు టీచర్‌గారూ."

"నువ్వు మనిషివి కాదు. బండరాయివి. తాళంకప్పవి."

"ఎన్ని మార్కులు?"

"తొమ్మిది. కాదు, తొమ్మిదిన్నర. మా వంటగదిలో ఎవరో తిరుగుతున్నట్టే ఉంది. నా స్టీలు డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి చూస్తున్నాడు."

"ఏమున్నాయి వాటిలో?"

"రెండింట్లో ఏమీ లేదు" అంది ఆవిడ నిజాయితీగా.

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. ఆవిడ ఇంటివైపు మెడ తిప్పబోయి మళ్లీ ముందుకి తిప్పుకుంటోంది, పై పెదవి మీద చెమట. చెవిమేస్త్రీ గుండె కరిగిపోయింది. ఒక్క మాట, మూడు అక్షరాలు, ఇచ్చేస్తే పోలా అనిపించింది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి ఆలోచించాలి కదా అని, పొద్దున్న కొట్టు మూసిన సంగతి ఆలోచించాడు. షట్టరు దించాడు. దించి? ఫోను మోగింది, టీచరే, "బయల్దేరావా" అంది. బయల్దేరాడు. మధ్యలో వంగి తాళం వేశాడా? వేసినట్టే గుర్తుంది. ఆ గుర్తు ఇవాళ్టిదా?

అతని చూపు కొట్టు ఉన్న వైపు తిరిగింది.

"మేస్త్రీ" అంది టీచరు. "నీ కుడిచెయ్యి జేబులో ఏం చేస్తోంది?"

అతను చూసుకున్నాడు. చేతిలో లేని తాళంచెవిని వేళ్లు తిప్పుతున్నాయి, అటూ ఇటూ.

"ఏం లేదు. కొట్టుకి తాళం వేశానో లేదో..."

ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, భుజాలు కుదిపేసే నవ్వు. పక్కన నిలబడ్డ పాలాయన కూడా ఎందుకో తెలీకుండానే నవ్వాడు.

"నవ్వకండి టీచర్‌గారూ. పనిముట్లన్నీ లోపలే ఉన్నాయి. ఊరివాళ్ల తాళంచెవుల నమూనాలున్నాయి. ఒక్క నిమిషం, పరుగెత్తి చూసొస్తా." లేచాడు.

ఆవిడ అతని సంచి పట్టీ పట్టుకుని లాగింది. "కూర్చో. పదికి ఎంత?"

"పదకొండు."

"పదికి పదకొండు రావు. సరిగ్గా వెయ్యి."

"పది."

"గుండె కొట్టుకుంటోందా?"

"దూకి బయటికొచ్చేలా ఉంది."

"కొట్టుకోనీ. దానికి అదే పని."

అతను కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా బయటి నుంచి చెవి పెట్టి విన్నదాన్ని మొదటిసారి లోపలి నుంచి వింటున్నాడు. అది భయంలా లేదు, అదే వింత. ఎంతో తియ్యగా, ఎంతో బుద్ధిమంతురాలిలా చెవిలో ఊదుతోంది. ఒక్క నిమిషమే కదా, చూసొస్తే పోయేదేముంది, ఆపైన ప్రశాంతంగా ఉండొచ్చు కదా. నూట నలభై ఆరు ఎక్కువేం కాదనిపించింది. ఈవిడ రోజంతా దీనితో కాపరం చేస్తూ మళ్లీ పూలకుండీలకి నీళ్లు కూడా పోసుకుంటోందంటే, ఎంత గట్టి మనిషో అనుకున్నాడు.

"ఇప్పుడెంత?" అంది ఆవిడ.

"తొమ్మిది... ఎనిమిదిన్నర. మీకో?"

ఆవిడ లోపలికి చూసుకుంది. కనుబొమలు పైకి లేచాయి. "ఆరు. నీ గొడవలో పడి చూసుకోనేలేదు."

బస్సు వచ్చింది. ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది. వెనక ముగ్గురు నిలబడ్డారు.

"అమ్మా, ఎక్కుతారా, ఇక్కడే ద్వారపాలకులుగా ఉంటారా?" అన్నాడు కండక్టరు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో ఎగతాళి ఏమీ లేదు. "పడిందా మేస్త్రీ?"

"నిజంగా తెలీదు టీచర్‌గారూ."

"నాకూ తెలీదు" అంది ఆవిడ. రెండో కాలు ఎత్తి మెట్టు మీద పెట్టింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, సంచిని ఒళ్లో పసిపిల్లలా పట్టుకుని, సూటిగా ముందుకి చూస్తూ వెళ్లిపోయింది.

చెవిమేస్త్రీ పరుగెత్తలేదు. కాళ్లు పరుగెత్తబోయాయి కానీ వాటిని పట్టి నడిపించాడు. ఆవిడని అంత దూరం పంపి తాను ఒక సందు కూడా నడవలేకపోతే సిగ్గుచేటు. కావాలని దూరపు దారిలో వెళ్లాడు. కొట్టు మలుపు తిరిగేసరికి దడ అయిదుకి దిగింది.

షట్టరు సగానికి ఎత్తి ఉంది. లోపల స్టూలు మీద నెలవారీ గుమాస్తా కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు.

"తాళం వెయ్యలేదేం మేస్త్రీ? గంట నుంచి చూస్తున్నా. ఎవరైనా వస్తారేమోనని కదల్లేదు."

చెవిమేస్త్రీ గోడవైపు చూశాడు. నమూనాలన్నీ మేకులకి వేలాడుతున్నాయి. ఎంతగా భయపడ్డాడో అంతా నిజమే, తాళం వెయ్యనే లేదు. నిజమై కూడా ఏమీ జరగలేదు. నవ్వొచ్చింది. "అందర్నీ అనుమానించే మీరే నా కొట్టుకి కాపలా ఉన్నారా సార్?"

"నన్ను నేను అనుమానించుకోను కదయ్యా" అన్నాడు గుమాస్తా, ఆయన కూడా కొంచెం నవ్వి.

పన్నెండున్నరకి ఫోను మోగింది. అవతల పెద్ద గోల, ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

"సంతకం పెట్టేశాను" అంది టీచరు, ఆ గోల మీదుగా అరుస్తూ. "తేదీ తప్పు వేశాడు రిజిస్ట్రారు, దిద్దించాను. మరిది ఫొటోకి రమ్మంటున్నాడు. మనిషి మంచివాడే కానీ కూడికలు రావు."

"దడెలా ఉంది టీచర్‌గారూ?"

"మధ్యలో ఎనిమిదికి వెళ్లింది. ఇప్పుడు నాలుగు. పూర్తిగా పోలేదు, పోతుందని డాక్టర్ కూడా చెప్పలేదు. ఇదిగో విను, మా చెల్లెలు నా చేతిసంచి లాక్కుంది, ఆదివారం దాకా పంపనంటోంది. ఉండిపోతున్నా."

మూడు రోజులు! ఆ మేడ మీది తలుపు కళ్ల ముందు మెదిలింది. "అయితే నేను సాయంత్రం అటుగా వెళ్లి ఒకసారి..." అని నోటిదాకా వచ్చింది. చెవిమేస్త్రీ దాన్ని అక్కడే ఆపాడు.

"నువ్వేదో అనబోయావు" అంది ఆవిడ.

"మీ చెల్లెలిగారికి శుభాకాంక్షలు చెప్పండి అనబోయాను."

"అబద్ధం" అంది లెక్కల టీచరు ఆనందంగా, ఫోను పెట్టేసి ఫొటోకి వెళ్లింది.